పొట్టు కడుపులో ఎందుకు కరగదు

ఒకప్పుడు పొట్టు కడుపులో కరిగేది.

ఏ పొట్టు అంటారా? వడ్లగింజ పైన గరుకుగా ఉండేది ఊక. అది గింజకి గోడ. ఆ గోడ పగలగొడితే లోపల ఎర్రటి పల్చటి తోలు కప్పుకుని గింజ కూర్చుని ఉంటుంది. ఆ తోలే పొట్టు. గింజని అంటిపెట్టుకుని ఉన్నంతసేపు దాని పేరు పొట్టు. దంచి, చెరిగి, పెరట్లో పారబోస్తే దాని పేరు తవుడు. ఇంట్లోంచి గెంటేస్తే పేరు కూడా మారిపోతుంది మరి.

పొట్టు అక్క. లోపలి తెల్లగింజ చెల్లెలు. చేను పొట్టకొచ్చిన రోజు నుంచి ఇద్దరూ ఒకరినొకరు వదిలిపెట్టి ఎరగరు. కోతకి వెళ్ళినా కలిసే, కుండలో ఉడికినా కలిసే, మనిషి నోట్లోకి వెళ్ళినా కలిసే.

మనిషి కడుపులో ఒక నిప్పు ఉంటుంది. పొగ రాదు, మంట కనపడదు. ఆకలేసినప్పుడు చురుక్కుమంటుందే, అదే ఆ నిప్పు. చెల్లెలు ఆ నిప్పు దగ్గరికి వెళ్ళగానే కరిగి నెత్తురయ్యేది, కండ అయ్యేది. అక్క కాస్త మొండిది. వెంటనే కరిగేది కాదు. ఇంకొంచెం కిందికి జారి, పేగులోకి వెళ్ళి, దానికి చక్కిలిగింతలు పెట్టేది.

పేగుకి చక్కిలిగింతలంటే ప్రాణం. కిలకిలా నవ్వుతూ మెలికలు తిరిగేది. ఆ మెలికలకి కడుపులోని చెత్తంతా ముందుకి జరిగేది. అలా సగం దారిదాకా ఆడుకుంటూ వెళ్ళి, అప్పుడు కరిగేది పొట్టు.

కరిగి ఏమయ్యేదో తెలుసా? చర్మం అయ్యేది. గింజకి పైతోలుగా ఉన్నది మనిషికీ పైతోలే అయ్యేది. అందుకే ఆ రోజుల్లో మనుషులు తిన్న గింజ రంగులో ఉండేవాళ్ళు. చోళ్ళు, అంటే రాగులు, తిన్నవాళ్ళు చోళ్ళ రంగు. కొర్రలు తిన్నవాళ్ళు కొర్రల రంగు.

పొట్టుకి ఆ పనంటే ఎంత ఇష్టమో! పిల్లల ఒంటి మీద చర్మమైతే ఎండ తగులుతుంది, వాన తగులుతుంది. తల్లి ముద్దు పెట్టుకుంటే ముందు తగిలేది తనకే. కండకి అందదు, ఎముకకి అందదు. ఆ ముద్దు కోసమే పొట్టు ప్రతి పంటకీ మళ్ళీ మళ్ళీ పుట్టేది.

ఇప్పుడలా జరగడం లేదు. ఎందుకు లేదో చెప్తాను. మంచి కథ కాదు. ముందే చెప్తున్నాను.

కొండల కింద, ఒక గెడ్డ ఒడ్డున, చిన్న ఊరుండేది. గెడ్డంటే కొండమీంచి దిగే వాగు. ఎండాకాలంలో మోకాలి లోతు ఉండదు, వానాకాలంలో ఏనుగుని కూడా దొర్లించుకుపోతుంది. ఆ ఊళ్ళో గవరమ్మ అని ఒకావిడ ఉండేది. ఊరందరి వడ్లూ ఆవిడే దంచేది. ఆవిడ రోకలి ఎత్తితే చప్పుడు గెడ్డ అవతలికి కూడా వినిపించేది.

గవరమ్మకి ఒక్కతే కూతురు. పేరు పైడి. పైడి పుట్టిన ఏడే తండ్రి గెడ్డ దాటుతూ కొట్టుకుపోయాడు. అప్పటినుంచి గవరమ్మ నీళ్ళు మోకాలు దాటితే గెడ్డలో అడుగు పెట్టేది కాదు.

పైడికి ఏడేళ్ళు. చోళ్ళ అంబలి తాగి, ఎర్రబియ్యం తిని, చోళ్ళ రంగులో నిగనిగలాడుతూ ఉండేది. ఊళ్ళో పిల్లలు ఊరుకుంటారా?

"పైడంటే బంగారం కదా! నల్ల బంగారం ఎక్కడైనా ఉంటాదేటి?" అని ఏడిపించేవాళ్ళు.

పైడి తిరిగి నాలుక చాపి వెక్కిరించి పారిపోయేది. దానికేం బాధ లేదు. బాధంతా తల్లికే. పిల్ల నిద్రపోయాక దాని చెయ్యి తన చేతిలోకి తీసుకుని, రంగు చూసి, నిట్టూర్చేది. ఆ చెయ్యే పొట్టు. తనని చూసి ఒక తల్లి నిట్టూరుస్తుంటే పొట్టుకి ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఒకరోజు గవరమ్మ గెడ్డ ఒడ్డున కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది. పక్కనే ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది.

"ఏటి గవరమ్మా, ఏడుస్తన్నావు?" అంది కొంగ.

"నా గుంటని, నా పైడిని, నల్లదాని కింద జమకట్టేస్తన్నారు. నాకు కడుపు తరుక్కుపోతంది."

కొంగ మెడ సాచి తన రెక్కలు చూసుకుంది. "నానెందుకు ఇంత తెల్లగున్నానో నీకు తెలుసా? తెల్ల సేపలే తింతాను. మరి నువ్వు నీ గుంటకి ఏటి పెడతన్నావు? ఎర్రతోలు కూడు. ఆ తోలు తీసీసి పెట్టి సూడు. ఏడు పోట్లు ఎయ్యి. గింజ నాలాగ తెల్లగవ్వాల. పిల్లా అలగే అవుద్ది."

ఆ కొంగ పొద్దున్నే రెండు పచ్చటి కప్పల్ని మింగింది. ఆ సంగతి మాత్రం చెప్పలేదు. గొప్పలు చెప్పుకునేవాళ్ళు కప్పల గురించి చెప్పరు.

గవరమ్మ ఇంటికి పరుగెత్తింది. రోట్లో వడ్లు పోసింది. మొదటి పోటుకి, అంటే మొదటి విడత దంపుడుకి, ఊక పోయింది. ఆ ఊళ్ళో ఎవరైనా అక్కడితో ఆపేసేవాళ్ళు. గవరమ్మ ఆపలేదు. చెరిగి మళ్ళీ పోసింది. రెండో పోటు. మూడో పోటు.

"గవరమ్మా, నానేటి సేసినాను?" అంది పొట్టు. "నన్నెందుకు కొడతన్నావు? సెల్లి ఒక్కర్తీ అయిపోద్ది. దానికి దారి తెలీదు."

రోట్లో తల పెట్టాక రోకటిపోటుకి వెరవకూడదంటారు. తల తనంతట తాను పెట్టినవాళ్ళకి ఆ మాట సరిపోతుంది. పొట్టుని పెట్టినవాళ్ళు వేరు. అయినా రోకలి చప్పుడులో పొట్టు మాట ఎవరికి వినపడుతుంది?

నాలుగు. అయిదు. ఆరు. ఏడు.

చేటలో చెల్లెలు ఒక్కతే మిగిలింది. తెల్లగా, నున్నగా, చలికి ముడుచుకున్నట్టు. అక్కని గవరమ్మ పెరట్లో కుప్ప పోసింది. కోడి వచ్చి ముక్కుతో నాలుగుసార్లు పొడిచి, "నాకు బానే ఉంది" అంది. ఆవు వచ్చి నాలుకతో ఒకసారి నాకి, "నాకూ బానే ఉంది" అంది. మనుషులు మాత్రం అటు చూడలేదు.

పైడికి తెల్లన్నం తెగ నచ్చింది. మెత్తగా ఉంది. నమిలే పనే లేదు. గొంతులోకి దానంతటదే జారిపోతోంది.

"అమ్మా, రోజూ ఇదే వండే" అంది.

"నీకు కాకపోతే ఎవులికే నా తల్లీ" అంది గవరమ్మ.

చెల్లెలు కడుపులోకి వెళ్ళింది. నిప్పు దగ్గర కరిగినంత కరిగింది. మిగతాది పేగులోకి జారి, బంకలా అంటుకుని, అక్కడే కూర్చుండిపోయింది. దానికి దారి తెలియదు. అక్క చెయ్యి పట్టుకుని తప్ప అది ఎప్పుడూ ఎక్కడికీ వెళ్ళలేదు.

పేగు చక్కిలిగింతల కోసం ఎదురు చూసింది. ఒకరోజు చూసింది. పది రోజులు చూసింది. నవ్వించేవాళ్ళు ఎవరూ రాలేదు. నవ్వు లేకపోతే మెలిక లేదు. మెలిక లేకపోతే కదలిక లేదు. పేగు మెల్లగా మొద్దు నిద్రలోకి జారుకుంది.

పైడి పొద్దున్నే చెంబెడు నీళ్ళు పట్టుకుని వెళ్ళేది, నిండు చెంబుతోనే తిరిగి వచ్చేది. నవ్వుతున్నారా? నవ్వండి. మీకు రోజూ సరిగ్గా అవుతోంది కాబట్టి నవ్వొస్తోంది. పైడి మొదట్లో నవ్వింది, తర్వాత సిగ్గుపడింది, తర్వాత ఎవరికీ చెప్పడం మానేసింది.

రెండు నెలలు గడిచాయి. పిల్ల ఆడటం మానేసింది. వెక్కిరించిన పిల్లలకి నాలుక చాపడం మానేసింది. ఒంట్లో కళ పోయి, బుగ్గలు పాలిపోయాయి.

గవరమ్మ చూసి పొంగిపోయింది. "తెల్లబడతంది! నా గుంట తెల్లబడతంది!"

పిల్ల తెల్లబడలేదు. తెల్లబోయింది. రెండింటికీ చాలా తేడా ఉంది. ప్రేమ ఎక్కువైపోయిన కళ్ళకి ఆ తేడా కనిపించదు. గవరమ్మ ఇంకో రెండు పోట్లు పెంచింది. ఏడు కాస్తా తొమ్మిదయ్యాయి.

వానలు మొదలయ్యాయి. ఒక పొద్దున్న పైడి లేవలేకపోయింది. కడుపు డప్పులా బిగిసిపోయింది. వేలు పెట్టినా ఏడుస్తోంది. ఏం పెట్టినా కక్కుతోంది. అప్పటికి గాని గవరమ్మకి గుండె జారలేదు.

గెడ్డ అవతలి ఒడ్డున అసిరమ్మ అనే ముసలావిడ గుడిసె ఉండేది. పైడికి పురుడు పోసింది ఆవిడే. గవరమ్మ ఆవిడని అసిరప్ప అనేది, అప్పంటే అక్క. పిల్లల కడుపులో ఏముందో చెయ్యి వేసి చెప్పేది. గవరమ్మ వానలోనే గెడ్డ దగ్గరికి పరుగెత్తింది. గెడ్డ నిండా ఎర్రటి నీళ్ళు, విరిగిన కొమ్మలు. ఒక అడుగు పెట్టింది. నీళ్ళు మోకాలికి తగిలాయి. మొగుడు గుర్తొచ్చాడు. తాను కూడా పోతే పిల్లకెవరు? వెనక్కి అడుగు వేసింది.

ఒడ్డునే నిలబడి గొంతు చించుకుని అరిచింది.

"అసిరప్పా! ఓ అసిరప్పా!"

ముసలావిడ తలమీద గోనెపట్టా కప్పుకుని బయటికి వచ్చింది. "ఏటే గవరీ?"

"గుంటకి పొట్ట బిగిసిపోనాది! నాను దాటలేను! ఏటి సెయ్యాల?"

అసిరమ్మకి వెంటనే అర్థమైంది. గవరమ్మ రోకలి తొమ్మిదేసి పోట్లు వేస్తున్న చప్పుడు ఆవిడ రోజూ అవతలి ఒడ్డు నుంచి వింటూనే ఉంది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచింది.

"పొట్టకి పొట్టు పెట్టే!"

సరిగ్గా అప్పుడే గాలి గెడ్డ మీదుగా గంతులేసుకుంటూ వచ్చింది. గాలికి అదొక చెడ్డ అలవాటు. దారిలో ఏ మాట కనిపించినా కొంచెం కొరుకుతుంది. మొదటి మాట మీద చెయ్యి వెయ్యలేదు. రెండో మాటలో ఒక్క ఒత్వాన్ని, "పొ" నెత్తిన ఉండే ఆ చిన్న వంకరని, లాగి మింగేసింది. అక్షరాలు నేర్చుకున్నవాళ్ళు పలక మీద రాసి చూసుకోండి, ఏం మిగులుతుందో.

గవరమ్మకి వినిపించింది ఇది: "పొట్టకి పట్టు పెట్టే!"

"పట్టా?" అని అరిచింది.

ముసలావిడకి ఆ మాట అసలు వినిపించలేదు. తల ఊపుతూ మళ్ళీ అరిచింది. గాలి మళ్ళీ కొరికింది. మూడోసారి అరిచింది. మూడోసారీ కొరికింది. గవరమ్మ కళ్ళు తుడుచుకుని ఇంటికి పరుగెత్తింది.

ఆ ఊళ్ళో పట్టంటే అందరికీ తెలుసు. నొప్పి ఉన్నచోట వెచ్చటి ముద్ద పరిచి గుడ్డతో కట్టడం. గవరమ్మ పసుపు తెచ్చింది. ఆముదం తెచ్చింది. ముద్ద గట్టిపడటానికి ఇంకేదైనా కావాలి. పెరట్లోకి వెళ్ళి, కుప్పలోంచి నాలుగు దోసిళ్ళ తవుడు ఎత్తుకొచ్చింది. మూడూ కలిపి, వెచ్చచేసి, పైడి పొట్ట మీద పరిచి, ఆముదపాకు కప్పి, గుడ్డతో గట్టిగా కట్టింది.

చూశారా ఎంత పని జరిగిందో. లోపల ఉండాల్సింది బయట ఉంది.

పొట్టు పైడి పొట్ట మీద పడుకుని విన్నది. లోపలనుంచి సన్నగా ఏడుపు వినిపించింది.

"ఎవులది?" అంది పొట్టు.

"పేగుని. నువ్వెవులు?"

"నాను పొట్టుని."

"ఇన్నాళ్ళూ ఎక్కడికి పోనావు? నీ సెల్లి నా మీద కూకుండిపోనాది. నాకు ఊపిరాడతం నేదు. బేగి రా."

"వొద్దామనే ఉంది. నీకు బెత్తెడు దూరంలో ఉన్నాను. తోలు అడ్డంగున్నాది."

పొట్టు పైడి చర్మాన్ని బతిమాలింది. "నువ్వూ ఒకప్పుడు నానే కదే. దారియ్యే."

"నానివ్వగలిగితే ఇవ్వనా?" అని చర్మం కూడా ఏడ్చింది. "నాలో గుమ్మం నేదు. లోపలికి నోటి దారే దారి."

అప్పుడే గాలి గుమ్మం దగ్గరికి వచ్చి తల వంచుకుని నిలబడింది. "తప్పు నాదే," అంది. "ఆ ముసలమ్మ పొట్టు అన్నాది. ఆటకి ఒక్క ముక్క మింగీసినాను."

"పోయి గవరమ్మకి సెప్పు!"

గాలి గవరమ్మ చెవి దగ్గరికి వెళ్ళి మొత్తుకుంది. గవరమ్మకి అది ఉత్త ఈలలా వినిపించింది. లేచి తలుపు వేసేసింది.

మూడు రోజులు గడిచాయి. మూడు రోజులూ గవరమ్మ పట్టు మారుస్తూనే ఉంది. పొట్టు బెత్తెడు దూరంలో ఉంటూనే ఉంది. మూడో రోజు మధ్యాహ్నం గవరమ్మ పొయ్యిలోకి కట్టెలు తేవడానికి బయటికి వెళ్ళింది.

"పైడీ," అంది పొట్టు.

పిల్ల కళ్ళు తెరిచింది. "ఎవులు?"

"నీ పొట్ట మీదున్నదాన్ని."

"నువ్వు మాటాడతావా?"

"ఎప్పుడూ మాటాడతాను. ఇనేవాళ్ళే నేరు. నన్ను కొంచెం తిను తల్లీ. తిని నీళ్ళు తాగు."

పైడి గుడ్డ కిందనుంచి రెండు వేళ్ళతో చిటికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఛీ, పసుపు కంపు కొడతన్నావు."

"కొడతాను మరి. తిను."

పిల్ల నోట్లో వేసుకుంది. గరుగ్గా ఉంది. మొహం అదోలా పెట్టి, పక్కనున్న ముంతలోంచి రెండు గుక్కల నీళ్ళు తాగింది. అంతకంటే మింగే ఓపిక లేదు.

పొట్టు కడుపులోకి దిగింది. నిప్పు దాదాపు ఆరిపోయి ఉంది. అయినా పొట్టుని చూసి లేచింది.

"ఆగు," అంది పొట్టు. "నన్ను కరిగించకు."

"నా దగ్గరికొచ్చిందేదైనా కరగాల," అంది నిప్పు.

"కరిగితే సగం దారిలోనే అయిపోతాను. అడ్డం పడింది ఆ కొసన. నాను కొసదాకా ముక్క సెడకుండా ఎల్లాల."

నిప్పు మెల్లగా అంది. "కరగనిది ఒంట్లో ఉండదు. నెత్తురవ్వదు. సరమం అవ్వదు. ఒక దారిన వొచ్చి ఇంకో దారిన పోవాల్సిందే. ఎండ నేదు, వాన నేదు. ఏ తల్లీ నిన్ను ముద్దెట్టుకోదు. ఈ ఒక్క కడుపులోనే కాదు, ఏ కడుపులోనూ, ఎప్పటికీ. ఆలోసించుకో."

పొట్టు ఆలోచించలేదు. పైన పైడి మూలుగుతోంది. "సరే," అంది.

నిప్పు పక్కకి తప్పుకుంది.

పైడి తాగిన రెండు గుక్కల నీళ్ళూ పొట్టు కోసం అక్కడే కాసుకుని ఉన్నాయి. "మమ్మల్ని మోసుకుని ఎల్లు," అన్నాయి. పొట్టు వాటిని పీల్చుకుని ఉబ్బింది. ఉబ్బి, బరువెక్కి, దొర్లుకుంటూ పేగులోకి వెళ్ళింది. పేగుకి చక్కిలిగింతలు పెట్టింది. పేగు కదల్లేదు. మళ్ళీ పెట్టింది. పేగు నిద్రలోనే చిన్నగా నవ్వింది. ఒక్క మెలిక తిరిగింది. అడ్డం పడ్డ బంక వేలెడంత జరిగింది.

వేలెడంతే. చిటికెడు పొట్టు, రెండు గుక్కల నీళ్ళు. అడ్డం మాత్రం రెండు నెలలది.

"ఇంకో గుప్పెడు రమ్మను," అంది పేగు. "ఇంకొన్ని నీళ్ళు. కదలగలనేమో."

గవరమ్మ కట్టెలతో లోపలికి వచ్చింది. పైడి మొహం కొంచెం తేటపడి ఉంది.

"అమ్మా, నొప్పి తగ్గినాదే."

గవరమ్మ కట్టెలు కింద పడేసి పిల్లని కావలించుకుంది. "పట్టు పనిసేసినాది! అసిరప్ప సెయ్యి మంచిది!"

"పట్టు కాదే. నాను తవుడు తిన్నాను. అది నాతో మాటాడినాది. ఇంకొంచెం పెట్టవా?"

గవరమ్మ పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరంలో ఏదో అంటోంది అనుకుంది. "పిచ్చితల్లీ, తవుడు పసువులు తింతాయే. నీకు మంచి కూడు పెడతాను ఉండు."

పట్టు విప్పేసింది. తడిగుడ్డతో పొట్ట తుడిచేసింది. ఒక్క రేణువు కూడా లేకుండా తుడిచింది. తొమ్మిది పోట్ల బియ్యం మెత్తగా వండి, ముద్దలు చేసి, "నా కోసం ఒక్కటి, నీ కోసం ఒక్కటి" అని బతిమాలి తినిపించింది. పైడికి తల్లిని కాదనడం చేతకాదు. రెండు ముద్దలూ మింగింది.

పేగు ఆ బరువు కింద మళ్ళీ మొద్దు నిద్రలోకి జారుకుంది.

ఆ సాయంత్రం దీపం పెట్టకముందే పైడి తల్లి ఒళ్ళో కళ్ళు మూసుకుంది. నిద్రపోతోందనుకుని గవరమ్మ చాలాసేపు జోకొట్టింది.

ఏడవాలనుంటే ఏడవండి. కథ మాత్రం మార్చను. మార్చి చెప్తే పైడికి అన్యాయం చేసినట్టు.

రెండు రోజులకి గెడ్డ తగ్గింది. అసిరమ్మ కర్ర పట్టుకుని దాటి వచ్చింది. గవరమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. కళ్ళల్లో నీళ్ళు లేవు.

"గుంటేదే?" అంది ముసలావిడ.

గవరమ్మ కొండవైపు చూపించింది. అక్కడ కొత్త మట్టి కనిపిస్తోంది.

అసిరమ్మ కర్ర ఆనించి కూలబడి అడిగింది. "పొట్టు పెట్టినావా?"

"పెట్టినాను అప్పా. మూడు రోజులూ. నువ్వన్నట్టే. పొట్టకి పట్టు."

"పట్టు కాదే గవరీ. పొట్టు."

గవరమ్మ ముసలావిడ మొహంలోకి చూసింది. పెదాలు కదిపి ఆ రెండు మాటలూ ఒకదాని తర్వాత ఒకటి అనుకుంది. పట్టు. పొట్టు. పట్టు. పొట్టు. "నాను తవుడు తిన్నాను, ఇంకొంచెం పెట్టవా" అన్న పిల్ల గొంతు అప్పుడు గుర్తొచ్చింది.

లేచి పెరట్లోకి వెళ్ళింది. వానకి తడిసిన తవుడు కుప్ప పక్కన కూలబడి, గుప్పెడు తీసి నోట్లో కుక్కుకుంది. ఏడుస్తూ నమిలింది. ముసలావిడ ముంతతో నీళ్ళు పట్టింది.

పొట్టు ఎన్ని రేణువులైనా అంతా ఒక్కటే. ఒక కడుపులో ఇచ్చిన మాట కుప్పంతటికీ తెలుసు. గవరమ్మ కడుపులోకి దిగగానే పొట్టు నిప్పుని అడిగింది.

"ఆ గుంట కోసం కదా ఒప్పుకున్నాను. గుంట నేదంతన్నారు. నన్ను మల్లీ కరిగించవా?"

"నానొకసారి ఇడిసి ఒగ్గీసినదాన్ని మల్లీ కరిగించడం నాకు సేతకాదు," అంది నిప్పు. దానికీ బాధగానే ఉంది. "నాను కాలుస్తాను గాని, ఎనక్కి తిప్పలేను."

పొట్టు పేగులోకి దిగింది. అక్కడ చీకట్లో అటూ ఇటూ వెతుక్కుంటూ వెళ్ళింది. మూలమూలా తడిమి చూసింది.

"ఏటి ఎతుకుతన్నావు?" అంది గవరమ్మ పేగు.

"పైడి ఇక్కడుందా?"

ఆ మాట గవరమ్మకి వినిపించింది. పొట్టు మాట ఆవిడకి వినిపించడం అదే మొదటిసారి.

రెండు చేతులతో పొట్ట పట్టుకుని, "నేదమ్మా," అంది. "నా కడుపులో ఇంక నేదు."

"అయితే ఇంకో దగ్గర సూస్తాను," అంది పొట్టు. వెళ్ళిపోయింది.

గవరమ్మ ఆ తర్వాత కూడా ఊరందరి వడ్లూ దంచింది. కానీ ఒక్క పోటే. ఊక పోగానే రోకలి గోడకి ఆనించేసేది. "ఇంకో పోటు ఎయ్యవే, తెల్లగవుతాయి" అని ఎవరైనా అంటే చేట వాళ్ళ చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయేది. గుమ్మంలోకి వచ్చిన పిల్లలకి మాత్రం తవుడు, బెల్లం కలిపి ఉండ చేసి పెట్టి, ముంతెడు నీళ్ళు తాగేదాకా ఎదురుగా కూర్చునేది. వాళ్ళు తాగుతుంటే వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసేది.

గవరమ్మ పోయింది. అసిరమ్మ పోయింది. గవరమ్మ రోలు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. జనం మళ్ళీ ఏడు పోట్లకి, తొమ్మిది పోట్లకి వచ్చారు. ఇప్పుడు రోకలి కూడా అక్కర్లేదు, మిల్లులున్నాయి. బియ్యం కొంగకంటే తెల్లగా వస్తున్నాయి. పొద్దున్నే చెంబెడు నీళ్ళు పట్టుకుని వెళ్ళి, నిండు చెంబుతోనే తిరిగొచ్చే పిల్లలు ఎంతమంది ఉన్నారో గాలికి తెలుసు. అది చెప్తూనే ఉంటుంది. మనకి ఈలలా వినిపిస్తుంది.

అప్పటినుంచే పొట్టు ఏ కడుపులోనూ కరగదు. నెత్తురవ్వదు, కండవ్వదు, చర్మమూ అవ్వదు. మనం తిన్నప్పుడల్లా చెల్లెల్ని నిప్పు దగ్గర దించేసి, నీళ్ళని మోసుకుని, పేగుకి చక్కిలిగింతలు పెడుతూ ఈ కొసనుంచి ఆ కొసదాకా వెళ్తుంది. దారిలో ఏ చెత్త కనిపించినా తోసుకుపోతుంది. మన కడుపు శుభ్రం చేయడానికే వచ్చిందని మనం అనుకుంటాం. అది వచ్చింది పైడి కోసం. మూలమూలా వెతుకుతుంది. పైడి కనిపించదు. ఇంకో కడుపులో చూద్దామని బయటికి వచ్చేస్తుంది.